విమానం భోగాపురంలో దిగుతుంది సరే, అక్కడినుంచి ఇంటికి ఎలా రావాలి?

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, రాష్ట్ర ప్రభుత్వ పెద్దలకు, భోగాపురం విమానాశ్రయం నిర్వాహకులకు నమస్కారం.

విమానం చక్రాలు కిందికి దించడం మా డాబా మీదినుంచి కనిపిస్తుంది. మాది విశాఖపట్నంలో గాజువాక. ఇరవై ఏళ్లుగా చిన్న ట్రావెల్స్ నడుపుకుంటున్నాను. సాయంత్రం పూట డాబా మీద కూర్చుని, హైదరాబాద్ ఫ్లైటో బెంగళూరు ఫ్లైటో కిందికి వంగుతూ రావడం చూశాక డ్రైవర్‌కి ఫోన్ చేసి "ఇంక బయల్దేరు నాయనా" అంటే చాలు. ప్యాసింజరు బెల్టు దగ్గర బ్యాగు తీసుకుని బయటికొచ్చే సరికి మా బండి అక్కడ ఉంటుంది. మా విశాఖ విమానాలన్నీ భోగాపురంలో కట్టిన కొత్త విమానాశ్రయానికి వెళ్లిపోతాయి, ఈ సుఖం ఇంక ఎక్కువ కాలం ఉండదని తెలుసు. అందుకు ఏడవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

ముందే చెప్పేస్తాను, భోగాపురం వద్దనే వాళ్లలో నేను లేను. ఇక్కడున్నది నేవీ వారి విమాన స్థావరం, ఐఎన్ఎస్ డేగా. రన్‌వే వాళ్లది, ఆకాశం వాళ్లది, వేళలు వాళ్లవి. మనం వాళ్ల ఇంటి వసారాలో అద్దెకున్నవాళ్లం. 2007లో 3,050 మీటర్ల పెద్ద రన్‌వే వచ్చినప్పుడు, 2009లో కొత్త టెర్మినల్ తెరిచినప్పుడు మా ట్రావెల్స్ వాళ్లమంతా స్వీట్లు పంచుకున్నాం. అంతకుముందు రోజుకి ఎన్ని ఫ్లైట్లో వేళ్ల మీద లెక్కపెట్టే వాళ్లం. అయినా అద్దె ఇల్లు అద్దె ఇల్లే. యుద్ధ విమానాల శిక్షణకు అడ్డం రాకుండా మిగిలిన వేళల్లోనే మన విమానాలు సర్దుకోవాలి. 2023 నవంబరులో రన్‌వే మరమ్మతులని నాలుగు నెలలకు పైగా రాత్రి విమానాలు ఆపేస్తే కిక్కురుమనలేకపోయాం. గోవాలో మోపాలో కొత్త విమానాశ్రయం తెరిచాక కూడా పాత డబోలిమ్‌ను ఉంచారు కదా, అదీ నేవీదే కదా, ఇక్కడా రెండూ ఉంచండి అని కొందరు అడుగుతున్నారు. గోవాకు వచ్చే విమానాలు వేరు, మనకు వచ్చేవి వేరు. ఉన్న కాసిని విమానాలనూ రెండు చోట్లకు పంచితే రెండూ ఎండిపోతాయి. ఇది నా అభిప్రాయం. మా సంఘంలో దీనికి ఒప్పుకోని వాళ్లే ఎక్కువ.

నేను అడగదలచుకున్నది ఒక్కటే. మీ లెక్కలో విమానాశ్రయం ఎక్కడ మొదలవుతుంది? మాకు మాత్రం మా వీధి చివర మొదలవుతుంది.

ఇప్పటి విమానాశ్రయం నుంచి ఆర్కే బీచ్‌కి ఎంత ట్రాఫిక్ ఉన్నా ముప్పావు గంట. భోగాపురం నుంచి అదే బీచ్‌కి నలభై అయిదు కిలోమీటర్ల దాకా ఉంటుంది. మా గాజువాక, స్టీల్‌ప్లాంట్, అగనంపూడి వైపు వాళ్లకు యాభై పైచిలుకు, అనకాపల్లి వాళ్లకు ఇంకా ఎక్కువ. కిలోమీటర్లు చెబితే కాగితం మీద పెద్దగా అనిపించదు. ఆ దారిలో బండి నడిపితే తెలుస్తుంది. ఎన్ఏడీ దాటి, తాటిచెట్లపాలెం దాటి, మద్దిలపాలెంలో ఆగి, ఇసుకతోట దగ్గర పాకి, హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఒకవైపు జూకి వెళ్లేవాళ్లు, ఇంకోవైపు ఆరిలోవ ఆసుపత్రులకు వెళ్లే అంబులెన్సులు. ఎండాడ, కార్‌షెడ్, మధురవాడ, కొమ్మాది. అక్కడికి ఊరు అయిపోయిందనుకుంటే ఆనందపురం. పొద్దున్న నాలుగింటికే అక్కడి పూల మార్కెట్‌కి బంతిపూల ఆటోలు బారులు తీరతాయి. ఆ తర్వాత తగరపువలస, గోస్తని వంతెన. అప్పుడు భోగాపురం. పొద్దున్న ఆరున్నర ఫ్లైట్ ఎక్కాలంటే గాజువాక మనిషి రాత్రి రెండున్నరకు లేవాలి. ఆ వేళకి ఊళ్లో ఏ బస్సూ ఉండదు.

ఇది మనకు కొత్త పాఠం కూడా కాదు. 2008 మార్చి 23న హైదరాబాద్‌లో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పైనుంచి వెళ్లే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, పదకొండున్నర కిలోమీటర్ల వంతెన, 2009 అక్టోబరులో గాని తెరవలేదు. మధ్యలో ఏడాదిన్నర పాటు జనం కింద ట్రాఫిక్‌లో నలిగి ఎన్ని ఫ్లైట్లు పోగొట్టుకున్నారో ఆ దేవుడికే తెలియాలి. ఆ రోజుల్లో నేను ఒక పార్టీని తీసుకుని హైదరాబాద్ వెళ్లాను. ఆరాంఘర్ చౌరస్తాలో మా ముందు కారులోంచి ఒకాయన దిగి, సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు. ఎక్కడిదాకా పరిగెడతాడు పాపం, ఇంకా పది కిలోమీటర్లకు పైనే ఉంది. ఇప్పుడు అదే శంషాబాద్‌కి ఆర్టీసీ పుష్పక్ బస్సులు రాత్రింబగళ్లు తిరుగుతున్నాయి. అవుటర్ రింగ్ రోడ్డుంది. ఇప్పుడు ఎవరూ తిట్టుకోవడం లేదు. కానీ ముందు విమానాశ్రయం, తర్వాత దారి అన్న వరస మాత్రం తప్పు. ఆ తప్పు మనం చూసి కూడా మళ్లీ చేయబోతున్నామేమో అని నా టెన్షన్.

మెట్రో వస్తుందంటారు. విశాఖ మెట్రో మొదటి దశ ప్లాన్ నేనూ చూశాను. స్టీల్‌ప్లాంట్ నుంచి వచ్చే లైను కొమ్మాది దగ్గర ఆగిపోతుంది. కొమ్మాది నుంచి భోగాపురం దాకా ఇంకో ముప్పై కిలోమీటర్లు రెండో దశలో ఉంది. మొదటి దశే ఇంకా నేల మీదికి రాలేదు. ఈ లోపు మా మనవలు పెద్దవాళ్లవుతారు. భీమిలి నుంచి తీరం వెంట ఆరు వరసల రోడ్డు అంటారు. వస్తే బాగుంటుంది, సముద్రం పక్కన బండి నడపడం ఎవరికి చేదు? కానీ రోడ్డు వెయ్యాలంటే భూములు, కోర్టులు, వంతెన, ఇవన్నీ ఉంటాయి. బస్సుకి ఇవేవీ అక్కర్లేదు. ఉన్న రోడ్డు మీదే రేపు పొద్దున్న నడపొచ్చు. అందుకే నేను అడిగేది బస్సు.

ఏదో నాలుగు బస్సులు వేశామని చెప్పి ఫొటో దిగే బస్సు కాదండీ. విశాఖ విమానాశ్రయానికి కూడా ఇంతకుముందు బస్సులు వేశారు, ఎక్కేవాళ్లు లేరని తీసేశారు. ఎందుకు లేరు? బస్సు గంటకొకటి కదులుతుంది, ఫ్లైట్ అరగంట లేటు. దిగిన జనం బయటికొచ్చేసరికి బస్సు ఖాళీగా వెళ్లిపోయి ఉంటుంది. ఒక్క విమానంలో నూట ఎనభై మంది దిగుతారు. వాళ్లలో నలభై మంది ఎక్కితే బస్సు నిండినట్టే. కాబట్టి బస్సు గడియారాన్ని చూడకూడదు, విమానాన్ని చూడాలి. ఆఖరి ఫ్లైట్ రాత్రి ఒంటిగంటకు దిగితే ఒంటిగంటన్నరకు బస్సు ఉండాలి. ఫ్లైట్ రెండు గంటలు లేటైతే డ్రైవర్ కూడా రెండు గంటలు ఆగాలి, ఆ ఆగినందుకు అతనికి బత్తా ఇవ్వాలి. మా దగ్గర డ్రైవర్లకు వెయిటింగ్ బత్తా ఇవ్వకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. బండి ఎక్కడో పక్కన పెట్టుకుని పడుకుంటారు, ఫోన్ ఎత్తరు. తప్పు వాళ్లది కాదు.

బస్సు ఆగే చోటు కూడా చెప్పాలి. టెర్మినల్ గుమ్మం ఎదురుగా, అద్దాల తలుపు దాటగానే కనపడాలి. పార్కింగ్ అవతల ఎక్కడో మూల స్టాపు పెట్టి, "బస్ స్టాప్ అటు" అని బాణం గుర్తు వేస్తే లాభం లేదు. సామాను పెట్టుకునే చోటు కావాలి. సింగపూర్ నుంచి కూతురు పంపిన టీవీ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎవరూ కూర్చోలేరు.

ఆ టీవీ డబ్బా నిజంగా చూసిందే. కొన్నేళ్ల కిందట రాత్రి దిగే సింగపూర్ విమానంలో ఒక ముసలాయనా ఆయన భార్యా వచ్చారు. నరసన్నపేట దగ్గర పల్లె. కూతురి పురుడుకు వెళ్లి మూడు నెలలుండి తిరిగి వస్తున్నారు. నేను ఇంకో పార్టీ కోసం బోర్డు పట్టుకుని నిలబడ్డాను. ఆయన నా దగ్గరికొచ్చి, "బాబూ, కాంప్లెక్స్‌కి ఏటి దారి? అక్కడ బస్సెక్కీసి ఎలిపోతాం" అన్నాడు. బయట టాక్సీ అతను చెప్పిన రేటు విని ఆమె బిత్తరపోయింది. "మావయ్యా, మీరు ఈ వేళప్పుడు హైవే దాకా ఎలా నడుస్తారు, నా పార్టీని దింపడానికి సిటీలోకే వెళ్తున్నాను, ఎక్కండి" అన్నాను. మా పార్టీ కలకత్తా వాళ్లు, మంచివాళ్లు, సర్దుకుని కూర్చున్నారు. కాంప్లెక్స్ అంటే మా ద్వారకా బస్‌స్టేషనే, అక్కడ దింపాను. ఆమె సంచిలోంచి ఒక సింగపూర్ చాక్లెట్ ప్యాకెట్ తీసి మా గుంటడికి ఇమ్మని చేతిలో పెట్టింది.

మంత్రి గారూ, మీది శ్రీకాకుళమే. ఆ దంపతులు మీ ఓటర్లే అయ్యుంటారు. నిజానికి కొత్త విమానాశ్రయం మా గాజువాక వాళ్లకు దూరమైతే మీ వాళ్లకు దగ్గరవుతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ వచ్చే దారిలో చాలా భాగం తగ్గిపోతుంది. విజయనగరం వాళ్లకు అయితే ఇంటి పెరట్లో ఉన్నట్టే. బొబ్బిలి, పార్వతీపురం, సరిహద్దు దాటితే రాయగడ, పర్లాకిమిడి. ఇన్నాళ్లూ వాళ్లే పడ్డారు, ఇప్పుడు మేం పడదాం, అందులో అన్యాయం ఏమీ లేదు. కానీ నరసన్నపేట దంపతులు రాత్రి పదకొండింటికి భోగాపురంలో దిగితే, శ్రీకాకుళం బస్సు అక్కడే లేకపోతే వాళ్లేం చేయాలి? హైవే మీదికి నడిచొచ్చి చెయ్యి ఊపాలా? లేకపోతే విశాఖ కాంప్లెక్స్‌కి వచ్చి మళ్లీ వెనక్కి, అదే భోగాపురం మీదుగా ఊరెళ్లాలా? అదే జరిగితే దగ్గరగా కట్టి ఏం లాభం?

కనీసం అయిదు దిక్కులకు బస్సు ఉండాలని నా లెక్క. విశాఖ కాంప్లెక్స్ ఒకటి. గాజువాక మీదుగా స్టీల్‌ప్లాంట్ ఒకటి. ఆనందపురం నుంచి పెందుర్తి బైపాస్ మీద అనకాపల్లి ఒకటి, ఆ రోడ్డు ఖాళీగా ఉంటుంది, సిటీలోకి రానక్కర్లేదు. విజయనగరం రైల్వే స్టేషన్ ఒకటి. శ్రీకాకుళం ఒకటి. భీమిలి మీదుగా బీచ్ రోడ్డున రుషికొండ బస్సు కూడా వేస్తే టూరిస్టులు వదలరు, డబ్బులు వచ్చేది కూడా దాని మీదే.

ఇక్కడ మా వృత్తి గురించి ఒక మాట. వైజాగ్‌కి వచ్చే టూరిస్టు ఎవరో బోర్డు రూముల్లో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. దసరా సెలవుల్లో మా స్టాండ్‌లో ఒక గంట నిలబడండి, చెవిలో పడేది బెంగాలీ. కలకత్తా నుంచి కుటుంబం కుటుంబమంతా, తాతయ్య మంకీ క్యాప్‌తో సహా, రైల్లో దిగుతారు. రైల్వే స్టేషన్ చుట్టుపక్కల హోటళ్ల మీద బెంగాలీ అక్షరాల బోర్డులు అందుకే. మా డ్రైవర్లందరికీ బేరం ఆడేటంత బెంగాలీ వచ్చు. ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కేజీహెచ్ ఆసుపత్రికి రోగితో వచ్చి, నయమయ్యాక సముద్రం చూసి వెళ్లేవాళ్లున్నారు. వీళ్లు చెయ్యి జారి ఖర్చు పెట్టేవాళ్లు కాదు. రెండు రాత్రులు మూడు పగళ్ల ప్యాకేజీ. మొదటి పగలు కైలాసగిరి, కురుసుర సబ్‌మెరైన్, టీయూ-142 విమానం, సాయంత్రం బీచ్. రెండో పగలు అరకు, బొర్రా. మూడో పగలు సింహాచలం, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో డచ్చివారి సమాధులు. ఇప్పుడిప్పుడే ఈ కుటుంబాల పిల్లలు ఉద్యోగాల్లో పడి అమ్మానాన్నలను విమానంలో తీసుకొస్తున్నారు. వాళ్లకు విమానం టికెట్ ఎంతో, దిగాక టాక్సీ కూడా దాంట్లో సగం అయిందనుకోండి, మళ్లీ రైలే ఎక్కుతారు.

టాక్సీ రేటు ఎక్కువేసుకోక మాకూ తప్పదు. నలభై అయిదు కిలోమీటర్లు పోయి ఖాళీగా వస్తే తొంభై. ఆ ఖాళీ కిలోమీటర్ల డీజిల్, డ్రైవర్ బత్తా, పార్కింగ్ అన్నీ ప్యాసింజరు నెత్తిన పడాల్సిందే. అక్కడ స్టాండ్‌లో నిలబడి తిరుగు బేరం పట్టుకునే వీలుంటే రేటు తగ్గుతుంది. ఆ స్టాండ్ ఎవరిది, అందులో ఎవరు నిలబడొచ్చు అన్నది ఇప్పుడే తేల్చండి. మోపా తెరవగానే పెర్నెం తాలూకా టాక్సీ వాళ్లు తమకు కౌంటర్ కావాలని రోడ్డెక్కారు. గోవాలో టాక్సీ గొడవ అంతకుముందు కూడా ఉన్నదే, ప్రభుత్వం యాప్ తెచ్చినా తెగలేదు. నష్టపోయింది ఎవరు? గోవాకు పోతే టాక్సీ వాళ్లు గోకేస్తారన్న పేరు ఊరికి వచ్చింది. మాకు అలాంటి పేరు వద్దు. ప్రీపెయిడ్ కౌంటర్ పెట్టి, ఏ ఊరికి ఎంతో పెద్ద అక్షరాలతో తెలుగులో, ఇంగ్లీషులో, బెంగాలీలో కూడా రాసి పెట్టండి. మొదటి హక్కు మాకొద్దు, అక్కడ భూములిచ్చిన ఊళ్ల కుర్రాళ్లకివ్వండి.

ఆ ఊళ్ల మాట వచ్చింది కాబట్టి. భోగాపురం మండలంలో నేను చాలాసార్లు తిరిగాను, విమానాశ్రయం ఊసు లేని రోజుల్లో. సరుగుడు తోటలు, కొబ్బరి, జీడిమామిడి, ఇసుకలో దిగబడే దారులు. 2015లో మొదట పదిహేను వేల ఎకరాలన్నారు. జనం రోడ్ల మీద కూర్చున్నారు. తగ్గి తగ్గి సుమారు 2,200 ఎకరాల దగ్గర ఆగింది. ఇదే నేలకు 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. మరడపాలెం, బొల్లింకలపాలెం, ముడసర్లపేట లాంటి ఊళ్లు ఇప్పుడు మ్యాప్ మీద లేవు. వాళ్లకు కాలనీలు కట్టారు, ఇళ్లు కొత్తవే. కానీ కొబ్బరిచెట్టు కాలనీలో మొలవడానికి ఎన్నేళ్లు పడుతుందో మీకు తెలుసు. వాళ్ల పిల్లలకు ట్రాలీలు తోసే పని ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోకండి. డ్రైవింగ్ లైసెన్సు, బండికి బ్యాంకు లోను, స్టాండ్‌లో చోటు ఇస్తే వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడతారు. మా దగ్గర చేరిన అటువైపు కుర్రాడొకడు రెండేళ్లలో సొంత బండి కొన్నాడు. అతనికి ఇప్పుడు నాకంటే మంచి ఫోన్ ఉంది!

పేరు గురించి పేచీ లేదు. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టడం బాగుంది. ఆయన పుట్టిన పాండ్రంగి కూడా గోస్తని పక్కనే, పద్మనాభం మండలంలో, కొత్త విమానాశ్రయానికి దూరమేమీ కాదు. దిగినవాళ్లు ఆ ఊరు చూడాలంటే దారి చెప్పే బోర్డు ఒకటి హైవే మీద పెట్టించండి. పద్మనాభ యుద్ధం జరిగిన కొండ కూడా అక్కడే, 1794లో విజయనగరం రాజు విజయరామరాజు నేలకొరిగిన చోటు. రామతీర్థం, పైడితల్లి అమ్మవారి గుడి, గురజాడ వారి ఇల్లు, అరసవల్లి, శ్రీకూర్మం, ఇవన్నీ ఇన్నాళ్లూ మా ప్యాకేజీల్లో "టైముంటే" అనే గడిలో ఉండేవి. ఇప్పుడు పై గడిలోకి వస్తాయి. మా లాంటి వైజాగ్ ట్రావెల్స్ వాళ్ల వ్యాపారం కొంత విజయనగరం వాళ్లు తీసుకుపోతారు. తీసుకుపోనివ్వండి.

షాపుల గురించి ఎక్కువ రాయను. పొందూరు ఖద్దరు, ఏటికొప్పాక బొమ్మలు, మాడుగుల హల్వా, అరకు కాఫీ ఉంచమని అందరూ రాస్తారు, మీరూ ఉంచుతారు. ఇడ్లీ ధర మాత్రం మనుషులు తినేలా చూడండి.

"అంతర్జాతీయ" అనే మాట మీద కొంచెం మాట్లాడాలి. పేరులో ఆ మాట ఉంటే విదేశీ విమానాలు వాటంతట అవి వచ్చి వాలవు. కన్నూరులో 2018 డిసెంబరులో చక్కటి విమానాశ్రయం కట్టారు. గల్ఫ్‌లో ఉన్న మలయాళీలు అంతమంది ఉండి కూడా విదేశీ కంపెనీలు అక్కడికి రాలేకపోయాయి. రెండు దేశాల మధ్య ఒప్పందంలో ఆ ఊరి పేరు ఉంటేనే అవతలి దేశం కంపెనీ విమానం దిగగలదు. దాన్నే పాయింట్ ఆఫ్ కాల్ అంటారు. కన్నూరుకు ఆ హోదా ఇవ్వలేదు. విశాఖ అదృష్టం ఏమిటంటే, ఆగ్నేయాసియా దేశాల విమానాలకు మన దేశం తెరిచిన పద్దెనిమిది ఊళ్లలో విశాఖపట్నం కూడా ఉంది. సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ విమానాలు మన దగ్గరికి రాగలిగింది అందుకే. గల్ఫ్ సంగతి అలా కాదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెల్డింగ్ పనికి, ఫిట్టర్ పనికి వెళ్లే కుర్రాళ్లు చాలామంది ఇప్పటికీ రైల్లో హైదరాబాదో, చెన్నైయో, ముంబయో పోయి అక్కడ విమానం ఎక్కుతున్నారు. 3,800 మీటర్ల రన్‌వే కట్టాక ఏ పెద్ద విమానమైనా దిగుతుందంటున్నారు. దిగడానికి రన్‌వే చాలదు, ఢిల్లీలో కాగితం కూడా కావాలి. ఆ కాగితం మీ శాఖలోనే ఉంటుంది మంత్రి గారూ.

విజయవాడ సంగతి కూడా మర్చిపోకూడదు. 2018 డిసెంబరులో అక్కడినుంచి సింగపూర్‌కు విమానం మొదలైంది. సీట్లు నిండకపోతే నష్టం రాష్ట్ర ప్రభుత్వం కడతానంది. ప్రభుత్వం మారింది, కట్టడం ఆగింది, ఏడాది తిరక్కుండానే విమానం ఆగింది. డబ్బిచ్చి తెచ్చిన విమానం డబ్బున్నన్నాళ్లే. దానికి పెట్టే డబ్బులో పదో వంతు బస్సులకు పెట్టి చూడండి. విశాఖలో ఎక్కేవాడికి భోగాపురం చేరడం సులువైతే సీట్లు అవే నిండుతాయి. చేరడం కష్టమైతే ఏ రాయితీ ఇచ్చినా ఆగదు. నేను ఇందులో మాత్రం పందెం కాస్తాను.

బస్సులకు డబ్బెక్కడిదంటారా? ప్రతి టికెట్‌లోనూ యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు అని మా దగ్గర పట్టుకుంటారు, కొత్త విమానాశ్రయంలో అది పెరిగేదే గానీ తగ్గేది కాదు. రన్‌వేకీ అద్దాలకీ మా ఫీజు పనికొచ్చినప్పుడు బస్సుకి ఎందుకు పనికిరాదు? నిబంధన లేదంటే నిబంధన రాయండి. మొదటి రెండేళ్లు బస్సులు నష్టాల్లోనే నడుస్తాయి, ఆ సంగతి నాకు తెలుసు. నేను రెండో బండి కొన్నప్పుడు కూడా మొదటి ఏడాదంతా అది ఇంటి ముందే ఉండేది.

ఇంకొకటి, మీకు చిన్నదిగా అనిపించొచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా పార్టీ ఒకటి బీచ్ రోడ్డులో హోటల్లో ఇరుక్కుంది. విమానాశ్రయం పైకప్పు రేకులు లేచిపోయాయి, రైళ్లు ఆగాయి, ఫోన్లు లేవు. వాళ్లకు రావలసిన కబురు ఎవరూ చెప్పలేదు. చెప్పే దారి కూడా లేదు. రెండో రోజు చెట్లు నరుక్కుంటూ సుమోలో రాజమండ్రి తీసుకెళ్లి రైలెక్కించాను. భోగాపురం ఇంకా సముద్రానికి దగ్గర. తుపాను మనకు చుట్టం, అక్టోబరు నవంబరుల్లో రాక తప్పదు. గాలి ఎంత తట్టుకుంటుందో మీ ఇంజనీర్లు చూసుకుంటారు. నేనడిగేది, విమానాశ్రయం మూసేసినప్పుడు లోపల ఇరుక్కున్న మనుషుల్ని ఎక్కడికి చేర్చాలి, ఏ బస్సులో, ఎవరి బాధ్యత అని ముందే రాసి పెట్టమని. ఊరి మధ్యలో ఉన్నప్పుడు ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోయేవాళ్లు. అక్కడ అర్ధరాత్రి ఎవరొస్తారు?

2026 జనవరి 4న భోగాపురం రన్‌వే మీద మొదటి విమానం దిగినప్పుడు టీవీలో చూశాను. మా డ్రైవర్లందరం ఆఫీసులో నిలబడి చూశాం. చక్రాలు నేలకు తగలగానే అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. తర్వాత మా పాత డ్రైవర్ ఒకడు "అందులో దిగినోళ్లు ఇప్పుడు ఎలా ఎల్తారు గురువుగారూ?" అన్నాడు. వాళ్లకు కాన్వాయ్ ఉందిలే అని అందరం నవ్వుకున్నాం.

త్వరలో ప్రారంభోత్సవం చేస్తారు. పెద్ద పెద్దవాళ్లు వస్తారు, పేపర్ల నిండా ప్రకటనలుంటాయి. ఆ ప్రకటనలో టెర్మినల్ బొమ్మ కింద కాస్త జాగా ఉంచి, ఏ ఊరికి ఏ నంబరు బస్సు, ఆఖరి బస్సు ఎన్నింటికి, టికెట్ ఎంత అని అచ్చు వేయించండి. అది కత్తిరించి మా ఆఫీసు గోడకు అంటించుకుంటాను. మొదటి రోజు రాత్రి ఆఖరి గాజువాక బస్సులో ముందు సీటు నాకే కావాలి, టికెట్ కొనుక్కునే ఎక్కుతాను.

ఇట్లు,
గాజువాకలో ట్రావెల్స్ నడుపుకునే ఒక మనిషి